శవం మీది పచ్చబొట్టు: గుర్తింపు సాక్ష్యంగా కోర్టులో ఎంతవరకు నిలుస్తుంది?

కొత్త_వకాలత్:
ఒక ఊహాజనిత కేసు. చెరువులో కుళ్లిన శవం దొరికింది, ముఖం గుర్తుపట్టేలా లేదు. కుడి ముంజేతి మీద ఒక పేరు, పక్కన పువ్వు పచ్చబొట్టు. అది చూసి తమ్ముడేనని అన్న చెప్పాడు. డీఎన్‌ఏ చేయించలేదు. హత్య కేసులో ఈ గుర్తింపును డిఫెన్స్ ఎక్కడ పరీక్షించాలి? ఇంకొకటి: నిందితుడికే పచ్చబొట్టు ఉందని సాక్షి చెబితే, చొక్కా విప్పి చూపించమనడం ఆర్టికల్ 20(3)కి (నిందితుణ్ని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగ హక్కుకు) విరుద్ధం కాదా?

సెషన్స్_బార్:
పచ్చబొట్టు గుర్తింపు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 7 కిందికి వస్తుంది (పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 9). 2024 జులై 1 నాటికే విచారణ నడుస్తున్న కేసైతే పాత చట్టమే. డీఎన్‌ఏ ఉండి తీరాలన్న నియమం లేదు. అందుకే అసలు పోరాటమంతా తేదీల దగ్గర, సమయాల దగ్గర.

మొదట మిస్సింగ్ ఫిర్యాదు తీయండి. అందులో పచ్చబొట్టు ప్రస్తావన ఉందా? శవం దొరకక ముందే "కుడి ముంజేతి మీద ఫలానా పేరు" అని రాసి ఉంటే ప్రాసిక్యూషన్ చాలా బలంగా ఉన్నట్టే. ఫిర్యాదులో "పచ్చబొట్టు ఉంది" అని మాత్రమే ఉండి, వివరాలన్నీ శవం చూశాక రాసిన వాంగ్మూలంలో వస్తే, అన్న జ్ఞాపకం నుంచి చెప్పాడా, చూసి చెప్పాడా అన్నది తేలదు. శవ పంచనామా ఎన్ని గంటలకు మొదలైంది, అన్న ఎన్ని గంటలకు వచ్చాడు, వాట్సాప్‌లో ఫోటో ముందే వెళ్లిందా, ఇవి దర్యాప్తు అధికారిని తప్పకుండా అడగాలి.

పంచనామాలో తరచూ జరిగే పొరపాటు, పేరులోని స్పెల్లింగును సరిదిద్ది రాయడం. చేతి మీద ఒత్తు లేకుండా, దీర్ఘం పోయి ఉంటే అచ్చం అలాగే రాయాలి. ఆ తప్పే ఆ మనిషిని మిగతావాళ్ల నుంచి వేరుచేసే గుర్తు. "తెలుగులో పేరు కలదు" అని వదిలేసిన పంచనామా దాదాపు పనికిరాదు. కుడి, ఎడమ కూడా చూసుకోండి. శవానికి ఎదురుగా నిలబడి రాసేటప్పుడు అవి తారుమారవుతుంటాయి.

నిందితుడి సంగతి: కాఠీ కాలూ ఓఘడ్ తీర్పు (1961, 11 మంది జడ్జీల ధర్మాసనం) ప్రకారం గుర్తింపు కోసం శరీర భాగాన్ని చూపించడం తనమీద తాను సాక్ష్యం చెప్పడం కాదు. అరెస్టయిన వ్యక్తిని డాక్టరు పరీక్షించడం నాగరిక సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 51 కింద. మహిళైతే మహిళా డాక్టరు చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి.

మార్చురీ_డ్యూటీ:
వైద్యం వైపు నుంచి. పచ్చబొట్టు రంగు చర్మం పై పొరలో ఉండదు, దాని కిందున్న డెర్మిస్‌లో, సుమారు 1–2 మి.మీ. లోతున ఉంటుంది. నీళ్లలో నాని పై పొర ఊడినా బొమ్మ పోదు, చాలాసార్లు ఇంకా తేటగా కనిపిస్తుంది. కాబట్టి "చర్మం ఊడిపోయింది, పచ్చబొట్టు ఎలా కనిపించింది?" అని డాక్టరును అడిగితే జవాబు ప్రాసిక్యూషన్‌కే మేలు చేస్తుంది.

పద్ధతి ఇలా ఉండాలి. కడగక ముందు ఒక ఫోటో. తర్వాత బ్రష్ పెట్టకుండా నీళ్లతో మెల్లగా కడగడం. చర్మం నల్లగానో పచ్చగానో మారి బొమ్మ తెలియకపోతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన గాజ్ గుడ్డతో అద్ది మళ్లీ ఫోటో. అప్పటికీ తేలకపోతే ఇన్‌ఫ్రారెడ్ ఫోటో: నల్ల సిరాలోని కార్బన్ ఆ కాంతిని పీల్చుకుని నల్లగానే కనిపిస్తుంది, రంగు మారిన చర్మం తెల్లబడుతుంది. ఎర్ర సిరాకు ఈ పద్ధతి పనిచేయదు. కెమెరా చర్మానికి 90 డిగ్రీల్లో, స్కేలు అదే ఎత్తులో. ముంజేయి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్క ఫోటోలో అంచు అక్షరాలు నొక్కుకుపోతాయి. చెయ్యి తిప్పుతూ మూడు నాలుగు తీయాలి.

ఆ చర్మం ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో భద్రపరిస్తే కుంచించుకుపోతుంది, అందుకే కొలతలు ముందే తీసుకోవాలి. ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది కూడా. దానికి దవడ పన్ను లేదా తొడ ఎముక విడిగా, ఫార్మలిన్ తగలకుండా తీయాలి. మీరు చెప్పిన కేసులో ఈ నమూనా ఎందుకు తీయలేదన్నది న్యాయమైన ప్రశ్న.

లేజర్‌తో చెరిపించుకున్నారని వాదన వస్తే చంకలోని లింఫ్ గ్రంథులు చూడాలి. చేతి మీది సిరా రేణువులు అక్కడ చేరి ఉంటాయి. ఆ వైపు ఎప్పుడో పచ్చబొట్టు ఉండేదని మాత్రమే అవి చెప్పగలవు, బొమ్మేదో చెప్పలేవు.

కొత్త_వకాలత్:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. అదే పేరు, అదే పువ్వు ఇంకొకరికీ ఉండొచ్చు కదా అన్న వాదన నిలుస్తుందా? పోల్చడానికి కుటుంబం ఇచ్చినది ఒక సెల్ఫీ మాత్రమే.

సెషన్స్_బార్:
నిలుస్తుంది, వివరాన్ని బట్టి. జాతరలో ఒకే మనిషి ఒకే అచ్చు పువ్వును వందలమందికి వేస్తాడు. ఆదిలాబాద్ గోండు మహిళల పచ్చబొట్లు సంప్రదాయ నమూనాలు. ఇలాంటివి సమూహాన్ని సూచిస్తాయి, వ్యక్తిని కాదు. పేరు, దాని తప్పు స్పెల్లింగు, పువ్వుతో దూరం, పక్కన పుట్టుమచ్చ, ఇవన్నీ కలిస్తేనే వ్యక్తి. ఉండాల్సిన పచ్చబొట్టు లేకపోవడం మాత్రం, ఆ మనిషి కాదనడానికి ఒక్కటే చాలు. ఇంగ్లండ్‌లో టిచ్‌బోర్న్ వారసుణ్నని వచ్చినవాడి చేతి మీద, చిన్నప్పుడు తోటి విద్యార్థి పొడిచాడన్న పచ్చబొట్టు లేదని తేలడంతో 1872లో అతని దావా కూలిపోయింది.

సెల్ఫీ విషయంలో జాగ్రత్త. ముందు కెమెరా కొన్ని ఫోన్లలో బొమ్మను అద్దంలోలా తిప్పి భద్రపరుస్తుంది, కుడి చెయ్యి ఎడమ అవుతుంది. అక్షరాలు తిరగబడ్డాయేమో చూస్తే తెలిసిపోతుంది. అసలు ఫైలు, సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం), అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) అడగండి. ప్రింటవుట్‌కు ఒప్పుకోవద్దు.

మార్చురీ_డ్యూటీ:
ఒకటి కలుపుతాను. పచ్చబొట్టు ఎవరిదో చెప్పినా మరణం ఎలా జరిగిందో చెప్పదు. 1935లో సిడ్నీలో కూజీ అక్వేరియం సొరచేప ఒక చెయ్యి కక్కింది. దాని మీది ఇద్దరు బాక్సర్ల పచ్చబొట్టు, వేలిముద్రలతో మనిషెవరో తేలింది. అయినా చెయ్యి ఒక్కటే శవం కిందికి రాదని కోర్టు ఇంక్వెస్టు (మరణ విచారణ) ఆపింది, హత్యానేరం మోపిన వ్యక్తి నిర్దోషిగా బయటపడ్డాడు. మీ కేసులో పూర్తి శవం ఉంది కాబట్టి గుర్తింపు ఎలా తేలినా, ఊపిరితిత్తులు, మెడ కండరాలు, కంఠాస్థి గురించి పోస్టుమార్టం రిపోర్టు ఏం చెబుతోందో విడిగా చదవండి.