ఎముకను పెంచే ప్రోటీన్ బీఎంపీ-2 సిలికా కణాల్లో నిలవడం లేదు, మొదటి రోజే వచ్చేస్తోంది

ప్రశ్న (పెరియో (చిగుళ్ళ వైద్యం) పీజీ, నెల్లూరు):
నమస్తే సార్. థీసిస్ కోసం ఎంసీఎం-41 అనే సన్న రంధ్రాల సిలికా కణాల్లో బీఎంపీ-2 ఎక్కిస్తున్నాం. 10 మి.గ్రా. కణాలు, 1 మి.లీ. పీబీఎస్‌ (ఉప్పు బఫర్ ద్రావణం)లో 20 మైక్రోగ్రాముల ప్రోటీన్, 4 డిగ్రీల్లో రాత్రంతా తిప్పాం. పైన మిగిలిన ద్రవానికి ఎలీసా (ప్రోటీన్ ఎంతుందో యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) చేస్తే 92 శాతం ఎక్కినట్టు లెక్క. విడుదల చూస్తే మొదటి రోజే చాలావరకు వచ్చేసింది, తర్వాత ఏమీ లేదు. ఎక్కడ తప్పు?

జవాబు 1:
రంధ్రం చాలదు డాక్టరుగారూ. ఎంసీఎం-41లో రంధ్రం 2–3 నానోమీటర్లే. బీఎంపీ-2 జంట అణువు 26 కిలోడాల్టన్లు, పొడవు 7 నానోమీటర్ల దాకా ఉంటుంది. లోపలికి పోదు, పైనే అంటుకుని ఉప్పు తగలగానే ఊడొస్తుంది. ఎస్‌బీఏ-15 (పెద్ద రంధ్రాల సిలికా) గానీ, మెసిటిలీన్‌తో రంధ్రం పెంచినవి గానీ తీసుకోండి; 8–10 నానోమీటర్లు ఉండాలి. బీఈటీ (వాయువుతో రంధ్రాలు కొలిచే పరీక్ష) రిపోర్టులో సగటు ఒక్కటే చూసి సంతోషపడొద్దు, రంధ్రాల పంపిణీ గ్రాఫ్ చూడండి.

జవాబు 2 (ఒంగోలు):
పైన చెప్పింది నిజమే గానీ, నాకు ఆ 92 మీదే అనుమానం. బీఎంపీ-2 మామూలు పీబీఎస్‌లో సరిగా కరగదు, ముద్ద కడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఆ ముద్ద కణాలతోపాటు అడుక్కి పోతుంది. కొంత ట్యూబ్ గోడకు అంటుకుంటుంది. ఎలీసాకు రెండూ 'ఎక్కినట్టే' కనిపిస్తాయి. కణాలు వెయ్యకుండా అదే ప్రోటీన్‌తో ఒక ట్యూబ్ నడపండి. అందులోనూ తగ్గితే మీ లెక్క ఉత్తదే.

బీఎంపీ-2 పొడిని 4 మిల్లీమోలార్ హెచ్‌సీఎల్‌లో కరిగించి, 10 మిల్లీమోలార్ ఎసిటేట్, పీహెచ్ 5లోకి మార్చండి. అక్కడ ప్రోటీన్ ధనావేశంతో, సిలికా రుణావేశంతో ఉంటాయి, పట్టు బాగుంటుంది. ట్యూబులు లో-బైండ్‌వే (ప్రోటీన్ అంతగా అంటుకోనివి) వాడండి. ఎక్కించేటప్పుడు బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపిన వయల్ వద్దు, రంధ్రాల్లో చోటు అదే ఆక్రమిస్తుంది. విడుదల పీబీఎస్‌లో మాత్రం 0.1 శాతం బీఎస్‌ఏ వెయ్యాలి, లేకపోతే బయటికొచ్చింది గోడకు పోతుంది.

ప్రశ్న:
కణాల తయారీలో రంధ్రాలకు అచ్చుగా వాడిన సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనాన్ని ఇథనాల్‌తో కడిగాం. సరిపోతుందా?

జవాబు 2:
ఒట్టి ఇథనాల్‌కు పూర్తిగా పోదు, మిగిలింది కణజాలాన్ని చంపుతుంది. 550 డిగ్రీల్లో 6 గంటలు కాల్చండి, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ. ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష) గ్రాఫ్‌లో 2920, 2850 దగ్గర సీటాబ్ శిఖరాలు మాయం కావాలి. స్టెరిలైజేషన్ కూడా ప్రోటీన్ ఎక్కించకముందే. ఆటోక్లేవ్‌లో పెడితే ప్రోటీన్ పోయినట్టే.

ఇంకొకటి, వయల్‌లో ప్రోటీన్ పొడి రూపంలో ఉన్నప్పుడు చెన్నై నుంచి మన ఎండల్లో వచ్చినా తట్టుకుంటుంది. కరిగించాక తట్టుకోదు. చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించండి, మళ్ళీ మళ్ళీ కరిగించొద్దు.

ప్రశ్న (క్లినిక్ డాక్టరు, కావలి):
పన్ను తీసిన గుంతలో ఇవి వాడొచ్చా?

జవాబు 1:
లేదండీ, ఈ కణాలు రోగికి పెట్టేవి కావు. దంతాల వైపు 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది కొలాజెన్ స్పాంజ్‌పై మి.లీ.కు 1.5 మి.గ్రా. బీఎంపీ-2కి. అదీ వాపు బాగా తెస్తుంది. అంత మోతాదు అక్కర్లేకుండా చెయ్యాలనే ఈ కణాల ప్రయత్నం.

జవాబు 2:
పీజీ డాక్టరుగారూ, ఎలీసాతో ఆగొద్దు. చెడిపోయిన ప్రోటీన్‌నూ అది కొంత పట్టేస్తుంది. విడుదలైన ద్రవాన్ని సీ2సీ12 జీవకణాలపై (ల్యాబ్‌లో పెంచే ఎలుక కండర కణాలు) వేసి, ఎముక తయారీకి గుర్తయిన ఏఎల్‌పీ ఎంజైమ్‌ను కొలవండి. పోల్చడానికి పక్కన తాజా ప్రోటీన్, ప్రోటీన్ ఎక్కించని సిలికా కణాలు రెండూ ఉండాలి.