కాలువ లాకు బొమ్మ: నమూనా తయారీకి సలహాలు కావాలి

రాజోలు సైన్సు మాస్టారు

అందరికీ నమస్కారం. కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన మన కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలకు దారులుగా కూడా ఉపయోగపడ్డాయి. లాకు అంటే రెండు చివరలా తలుపులున్న గది; అందులో నీటిని నింపి గానీ తగ్గించి గానీ పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేరుస్తారు. లాకులు కట్టింది ఆ పడవల కోసమే. సరుకు పడవలు కనుమరుగైనందున, లాకుల పక్కనుంచే బడికి వచ్చే పిల్లలకు సైతం ఎగువ నీటి నుంచి దిగువ నీటికి పడవ ఎలా దిగేదో తెలియడం లేదు. పదేళ్ల పిల్లలు తమ చేతులతో నడిపి తెలుసుకోగల లాకు బొమ్మను తయారు చేయాలని నా కోరిక.

అక్రిలిక్ షీటుతో 30 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల గది కట్టి, రెండు చివరలా ఒంటి రెక్క తలుపులు, ఎగువ తలుపు పక్కన గదిలోకి నీరు వదిలే 1 సెం.మీ. వ్యాసం గల తూము అమర్చాను. ఎగువ నీరు 10 సెం.మీ. లోతు, దిగువ నీరు 2 సెం.మీ. లోతు ఉంటుంది. తలుపు అంచుల నుంచి నీరు కారుతోంది. గది నిండే వరకు ఆగలేక పిల్లలు తలుపును లాగేస్తున్నారు, అది తెరుచుకుంటోంది కూడా. చిన్న మోటారు పెట్టమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

నరసాపురం వడ్రంగి

మాస్టారూ, కారుడు సంగతి వరకు నేను చెప్పగలను. అసలు లాకుల్లో రెండు రెక్కలు ఎగువ వైపుకు కోణంగా కలుసుకుంటాయి కనుక, ఎగువ నీరు నెట్టేకొద్దీ అవి మరింత బిగుస్తాయి. మీది ఒంటి రెక్కే అయినా అది ఎగువ వైపుకే తెరుచుకోవాలి, మూసినప్పుడు దిగువ వైపున్న చట్రానికి ఆనుకోవాలి. ఆ చట్రం చుట్టూ పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ అతికించండి. అప్పుడు నీటి బరువే తలుపును రబ్బరుకు అదుముతుంది. తలుపు తిరిగే బందుకు సైకిల్ చువ్వను తలుపు ఎత్తు పొడవునా దూర్చితే బలంగా ఉంటుంది. కొద్దిపాటి చెమ్మ దిగినా దాని వెంట పడకండి. తూము నింపే వేగం ముందు అది లెక్కలోకి రాదు.

కాకినాడ ఇంజనీరు

మోటారు పెట్టవద్దని నా గట్టి మనవి. మీట నొక్కగానే తెరుచుకునే తలుపు పిల్లవాడికి ఏమీ నేర్పదు. చేతికి తెలిసే ఒత్తిడే ఈ బొమ్మలోని పాఠం.

మీ కొలతల ప్రకారం తలుపును ఎగువ నీరు సుమారు 500 గ్రాముల బరువంత బలంతోనూ, గదిలోని నీరు 20 గ్రాముల బలంతోనూ నెడతాయి. తేడా 480 గ్రాములు. కానీ ఆ బలం తలుపు నడుమ పనిచేస్తుంది, మీ పిడి బహుశా బయటి అంచున ఉంది. అలాగైతే అందులో సగం, అంటే 240 గ్రాములతో లాగినా తలుపు వచ్చేస్తుంది. పిడిని బందుకు 2.5 సెం.మీ. దూరానికి జరిపితే దాదాపు 960 గ్రాములు కావాలి. పైగా పిడికి బదులు వెడల్పాటి రబ్బరు బ్యాండు కట్టండి. మట్టాలు వేరుగా ఉన్నంతసేపు బ్యాండు సాగుతుంది తప్ప తలుపు కదలదు. తేడా 2 మి.మీ.కు తగ్గేసరికి 40 గ్రాములు చాలు కనుక, తలుపు దానంతటదే వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ క్షణం కోసమే ఈ బొమ్మ చేయాలి.

తూము వ్యాసం 2 సెం.మీ.కు పెంచితే వైశాల్యం నాలుగింతలై, సుమారు 80 సెకన్లలో నిండే గది 20 సెకన్లలో నిండుతుంది. ఒక్క విషయం తప్పక గమనించండి: ఎగువ తొట్టి గది అంతే ఉంటే రెండు మట్టాలూ 6 సెం.మీ. దగ్గరే ఆగిపోతాయి. వెడల్పాటి తొట్టి వాడాలి, లేదా నీరు పోస్తూ ఉండాలి.

అమలాపురం బొమ్మల దుకాణం

బడిలో వాడుకోవడంతో ఆగక అమ్మే ఆలోచన కూడా ఉంటే, 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయిందని గుర్తుంచుకోండి. పడవ మరీ చిన్నదైతే ఇంట్లోని పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కనుక దాన్ని పెద్దదిగానే చేయండి, అంచులు గుండ్రంగా అరగదీయండి. ఆట ముగిశాక తొట్టిలో నీరు నిలువ ఉంచవద్దు.

రాజోలు సైన్సు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మోటారు ఆలోచన విరమించుకుంటున్నాను. ఇంజనీరు గారి లెక్క చూశాక, తలుపుకు బందు దగ్గర, నడుమ, అంచున మూడు కొక్కేలు పెట్టి, ఏ కొక్కేనికి కడితే బ్యాండు ఎంత సాగుతుందో పిల్లలనే స్కేలుతో కొలవమంటాను. వడ్రంగి గారూ, 5 మి.మీ. మందం అక్రిలిక్‌కు చువ్వ పట్టేలా రంధ్రం వేస్తే పగులుతుందేమోనని సందేహంగా ఉంది. తలుపు వరకు చెక్కతో చేయడం మంచిదంటారా?