హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది, మరి 2022 కప్పు ఎవరి ఖాతాలోకి వస్తుంది?

గచ్చిబౌలి_ఈస్ట్‌స్టాండ్:

బాలయోగి స్టేడియంలో మన టీమ్ మ్యాచ్‌లు చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే మాట్లాడండి, ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 2019లో పుణె సిటీ టీమ్ మూతపడితే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చిన రెండో సీజన్‌కే ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ అయ్యింది.

2022 మార్చి 20, మడ్గావ్‌లో ఫటోర్డా స్టేడియం, ఫైనల్. స్టాండ్స్ నిండా పసుపే, కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ జనం, పసుపు జెర్సీ మాత్రం ఆ రోజు మనవాళ్ల ఒంటి మీద ఉంది. 68వ నిమిషంలో కేపీ రాహుల్ గోల్ కొట్టేసరికి ఇక అయిపోయిందనుకున్నాం. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో బాక్స్ బయట నుంచి బంతిని కింద పడనివ్వకుండానే వాలీ కొట్టి స్కోరు సమం చేశాడు. తర్వాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలిచాం. ఆ సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలోనే జరిగింది కాబట్టి మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా చూడకుండానే మనం ఛాంపియన్లమయ్యాం.

ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు, ప్లేయర్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, ఓనర్లు మారడం, చివరికి 2025లో టీమ్ మొత్తం ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. ఆ ఢిల్లీకీ ఇంతకుముందు డైనమోస్ అని ఒక టీమ్ ఉండేది, అది 2019లో భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయ్యింది. ఒకరి టీమ్ ఇంకొకరికి పోతూనే ఉంది. రేపు ఢిల్లీలో కొత్తగా టికెట్ కొనుక్కునే కుర్రాడికి "మనం 2022 ఛాంపియన్లం" అని చెప్తారా? మరి మనం ఏమని చెప్పుకోవాలి? బయటి దేశాల లీగుల్లో దీన్ని ఎలా తేల్చారో తెలిసినవాళ్లు చెప్పండి.

మణికొండ_నైట్‌షిఫ్ట్:

అన్నా, కెనడా క్లయింట్‌తో పని చేస్తాను కాబట్టి షిఫ్ట్ అయిపోయే టైమ్‌కి అక్కడ ఐస్ హాకీ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, అలా అలవాటైంది. మీరు అడిగినదాంతో వాళ్లు ఎప్పటినుంచో అవస్థ పడుతున్నారు.

ఎన్‌హెచ్‌ఎల్, అంటే అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్, 1917లో మాంట్రియల్‌లో మొదలైంది. 1942 నుంచి 1967 దాకా ఆరే టీమ్‌లు, 1967లో ఒకేసారి ఇంకో ఆరు చేర్చి 12 చేశారు. దానికి పోటీగా 1972లో డబ్ల్యూహెచ్‌ఏ అనే లీగ్ దిగింది, అది 1979లో మూతపడుతూ నాలుగు టీమ్‌లను ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇచ్చింది: ఎడ్మంటన్, క్విబెక్, విన్నిపెగ్, హార్ట్‌ఫర్డ్ (ఇదొక్కటే అమెరికాది). వీటిలో ఎడ్మంటన్ ఒక్కటే సొంత ఊళ్లో మిగిలింది. మిగతా మూడూ 1995, 1996, 1997లో వరుసగా ఊరు ఖాళీ చేశాయి. కెనడా టీమ్‌లకు రాబడి వాళ్ల డాలర్లలో, ప్లేయర్ల జీతాలు అమెరికా డాలర్లలో, పైగా పాత స్టేడియాలు. ఈ లెక్క కుదరలేదు.

క్విబెక్ వాళ్ల సంగతి వింటే కడుపు తరుక్కుపోతుంది. ఏళ్ల తరబడి ఓడిపోయి, ఓడినవాళ్లకు ముందుగా దక్కే డ్రాఫ్ట్ పిక్‌లతో ఒక్కో కుర్రాడినీ తెచ్చుకుని టీమ్ కట్టుకున్నారు. టీమ్ పండే సమయానికి 1995లో దాన్ని డెన్వర్ తీసుకెళ్లిపోయారు. మరుసటి ఏడాదే, అంటే 1996లో, కొలరాడో పేరుతో స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్‌కిచ్చే కప్పు) గెలిచింది. కష్టపడిందంతా క్విబెక్, ఊరేగింపు డెన్వర్‌లో.

మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయేది విన్నిపెగ్. మొదటి జెట్స్ 1996లో ఫీనిక్స్ వెళ్లిపోయింది. 2011లో అట్లాంటా టీమ్‌ని విన్నిపెగ్ తెచ్చుకున్నారు, 13 వేల సీజన్ టికెట్లు అమ్మాలని టార్గెట్ పెడితే జనం రోజుల్లోనే ఊడ్చేశారు, పాత పేరు జెట్స్ కూడా మళ్లీ పెట్టుకున్నారు. కానీ రికార్డుల పుస్తకంలో ఇప్పటి జెట్స్ చరిత్ర అంటే అట్లాంటా చరిత్ర. 1992-93లో టీము సెలానె మొదటి సీజన్‌లోనే 76 గోల్స్ కొట్టాడు, కొత్త ఆటగాళ్లలో నేటికీ అదే రికార్డు. కొట్టింది విన్నిపెగ్ జెట్స్ జెర్సీతో, కానీ ఇప్పటి విన్నిపెగ్ జెట్స్ లెక్కలో అది లేదు. ఫీనిక్స్‌కి పోయిన టీమ్ ఖాతాలో ఉండేది. అక్కడ టీమ్ చివరి రెండు సీజన్లు ఐదు వేల మంది కూడా పట్టని యూనివర్సిటీ స్టేడియంలో ఆడి 2024లో యూటా వెళ్లింది. లీగ్ యూటాని కొత్త టీమ్‌గానే లెక్కేసింది, పాత చరిత్రని యూటాకి ఇవ్వలేదు. దాంతో ఆ 76 గోల్స్ ఇప్పుడు ఆడే ఏ టీమ్ లెక్కలోనూ లేవు.

అయినా విన్నిపెగ్ జనం ఆ పుస్తకం కోసం ఆగలేదు. 2016లో కొత్త జెట్స్ యాజమాన్యమే ఒక హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టి ముందుగా పాత జెట్స్ ఆటగాళ్లనే గౌరవించింది.

కొంపల్లి_టచ్‌డౌన్:

పైన బ్రో చెప్పినదానికి ఇంకో వైపు చెప్తా, అమెరికన్ ఫుట్‌బాల్‌లో. అక్కడ ఒక ఊరు కొట్లాడి మరీ చరిత్రని అట్టిపెట్టుకుంది.

1995 నవంబర్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఓనర్ ఆర్ట్ మోడెల్ సీజన్ మధ్యలో టీమ్‌ని బాల్టిమోర్ తీసుకెళ్తున్నానని ప్రకటించాడు. ఊరు ఊరంతా భగ్గుమంది, సిటీ కోర్టుకెక్కింది. 1996 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది: ప్లేయర్లు, కోచింగ్ కాంట్రాక్టులు బాల్టిమోర్‌కి వెళ్లొచ్చు, కానీ బ్రౌన్స్ పేరు, రంగులు, రికార్డులు, ట్రోఫీలు క్లీవ్‌లాండ్ దగ్గరే ఉంటాయి. 1999లో క్లీవ్‌లాండ్‌లో బ్రౌన్స్ మళ్లీ దిగింది, మధ్యలో మూడేళ్లు ఆట ఆపిన పాత టీమ్‌లాగే లెక్క. బాల్టిమోర్ రేవెన్స్‌ని 1996లో పుట్టిన కొత్త టీమ్‌గా చూశారు. రేవెన్స్ 2001 జనవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలిచారు, అది వేరే బాధ.

అసలు బాల్టిమోర్ ఎందుకు అంత ఆబగా ఇంకో ఊరి టీమ్‌ని తెచ్చుకుందో కూడా తెలుసుకోవాలి. 1984 మార్చిలో వాళ్ల కోల్ట్స్‌ని ఓనర్ రాత్రికి రాత్రి మేఫ్లవర్ ట్రక్కుల్లోకి సామాన్లు ఎక్కించి ఇండియానాపోలిస్ తరలించాడు. టీమ్‌ని స్వాధీనం చేసుకునే చట్టం రాష్ట్ర అసెంబ్లీలో కదులుతోంది, అది చేతికొచ్చేలోపు దాటించేయాలని ఆ తొందర. పేరు, గుర్రపు నాడా గుర్తు, రికార్డులు అన్నీ ఇండియానాపోలిస్‌కి పోయాయి. బాల్టిమోర్ ఆరాధించిన క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ మాత్రం ఇండియానాపోలిస్ కోల్ట్స్‌తో తనకేమీ సంబంధం లేదని తేల్చి చెప్పాడు, చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

అంటే ఏ లీగ్‌లోనూ దీనికి శాశ్వతమైన రూల్ లేదు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకి దక్కింది. మనం అడగలేదు.

కూకట్‌పల్లి_సీఏ:

ఆవేశం అర్థమైంది కానీ ఒక మాట. టీమ్ అంటే కాగితాల మీద ఒక కంపెనీ, దానికి లైసెన్స్. కంపెనీ చేతులు మారితే అప్పులతో పాటు ఆస్తులూ పోతాయి, ట్రోఫీ కూడా అందులో భాగమే. గచ్చిబౌలిలో ఎన్ని మ్యాచ్‌లకు స్టాండ్స్ సగం ఖాళీగా ఉన్నాయో మీకూ తెలుసు. ప్లేయర్ల జీతాలు, ప్రయాణాలు, గ్రౌండ్ ఖర్చులు, అకాడమీ, ఇవన్నీ టికెట్ డబ్బుతో ఎలాగూ తీరవు. నష్టం భరించినవాడు తనకు నచ్చిన చోటికి తీసుకెళ్తానంటే ఆపే హక్కు ఎవరికి ఉంది?

ఆపగలిగేది ఒక్కటే పద్ధతి, వాటా ఉండాలి. విస్కాన్సిన్‌లో గ్రీన్ బే అని లక్ష మంది ఉండే చిన్న ఊరు ఉంది. 1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు తను పనిచేసే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ దగ్గర జెర్సీలకు డబ్బు అడిగి టీమ్ పెట్టాడు, అందుకే ప్యాకర్స్. తర్వాత డబ్బు లేక మునిగిపోయే పరిస్థితి వస్తే ఊరి జనానికి షేర్లు అమ్మారు. ఇప్పుడు ఐదు లక్షల మందికి పైగా షేర్‌హోల్డర్లు. డివిడెండ్ రాదు, షేరు మార్కెట్లో అమ్ముకోవడానికి ఉండదు, ఇన్వెస్ట్‌మెంట్‌గా చూస్తే సున్నా. కానీ ఆ టీమ్‌ని అక్కడి నుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఇప్పుడు కొత్తగా అలాంటి ఓనర్‌షిప్‌ని ఒప్పుకోదు, పాతది కాబట్టి వీళ్లని వదిలేసింది. నగరం తరఫున ఎవరికీ చిన్న వాటా కూడా లేకుండా టీమ్ మనది అంటే చట్టం వినదు, నేను చెప్పేది అదే.

నిజాంపేట_లెఫ్ట్‌బ్యాక్:

సీఏ గారూ, చట్టం వినకపోయినా జనం వినిపించిన ఊరు ఒకటుంది. లండన్‌లో వింబుల్డన్ ఎఫ్‌సీ. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన టీమ్. 2002 మేలో దాన్ని మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం వేసిన కమిషన్ ఒప్పుకుంది. కొన్ని వారాల్లోనే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టి, వింబుల్డన్ కామన్ మైదానంలో ఎవరైనా వచ్చి ట్రయల్స్ ఇవ్వొచ్చని పిలిచి, అక్కడ దొరికినవాళ్లతో అట్టడుగు డివిజన్లలో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో, 2011లో, ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే ఇంగ్లాండ్ పై డివిజన్లలోకి, ఎక్కారు. 2020లో ప్లవ్ లేన్‌లో సొంత గ్రౌండ్‌కి తిరిగొచ్చారు. మధ్యలో, 2007లో, మిల్టన్ కీన్స్ క్లబ్ పాత వింబుల్డన్ చరిత్ర తమది కాదని ఒప్పుకుని ట్రోఫీలకు సంబంధించినవన్నీ ఆ ప్రాంతపు కౌన్సిల్‌కి అప్పగించింది. ఖాతా పుస్తకం చూసుకుంటే అలా ఇవ్వాల్సిన అవసరం వాళ్లకి లేదు. ఐదేళ్లు వదలకుండా అడిగారు, ఇచ్చారు.

ఫతేమైదాన్_పాతకాపు:

బాబూ, అందరూ బాగా చెప్పారు. కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రని 2019 నుంచి మొదలుపెట్టి మాట్లాడుకుంటుంటే ఊరుకోలేకపోతున్నాను.

హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఐదుసార్లు! కలకత్తా క్లబ్బులు దేశాన్ని ఏలుతున్న రోజులవి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా టీచర్. ఆయనే ఇండియా కోచ్‌గా 1951 ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం తెచ్చారు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపితే, ఆ రెండు గోల్స్‌లో ఒకటి అతనే కొట్టాడు. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, మరుసటి ఏడాది 1963 జూన్‌లో పోయారు. ఆ టీమ్‌లో ఉన్న తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు. పేదింటి నుంచి వచ్చి, 1957లో ఈస్ట్ బెంగాల్ వెళ్లి, అక్కడ దేవుడిలా కొలిపించుకున్నాడు.

ఆ పోలీస్ టీమ్‌ని ఎవరూ కొనుక్కుని వేరే ఊరికి తీసుకెళ్లలేదు. ఆటగాళ్లు డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు, ఆట అయ్యాక డ్యూటీ. అయినా అది మన చేతుల్లోంచి పోయింది, ఎలా అంటే మనం చెప్పుకోవడం మానేశాం. ఇప్పుడు ఎల్బీ స్టేడియం ముందు నుంచి రోజూ వెళ్లే పిల్లల్లో రహీం పేరు విన్నవాళ్లు ఎంతమంది? ట్రోఫీ ఢిల్లీ పట్టుకుపోయిందని బాధపడే ముందు ఇంట్లో ఉన్నదాన్ని దుమ్ము దులపండి.

గచ్చిబౌలి_ఈస్ట్‌స్టాండ్:

పెద్దాయనా, మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, కానీ రెంటినీ కలిపి అడగాలనేదే నా కోరిక. రేపు ఐఎస్‌ఎల్‌కి గానీ కింది లీగ్‌కి గానీ హైదరాబాద్ పేరుతో ఇంకో క్లబ్ వస్తే, క్లీవ్‌లాండ్ వాళ్లు రాయించుకున్నట్టు పేరు, గుర్తు, రంగులు, రికార్డులు నగరానికే చెందుతాయని మొదటి రోజే ఒప్పందంలో ఉండాలి. సీఏ గారూ, అలాంటి క్లాజు మన దేశంలో ఎలా రాస్తే నిలబడుతుందో మీలాంటివాళ్లే చెప్పాలి. కొత్త టీమ్ వచ్చాక అడిగితే మళ్లీ ఆలస్యమైపోతుంది.

ఇంకో ప్రశ్న, మూతపడిపోయిన టీమ్ చరిత్రని కొత్త టీమ్ నెత్తిన పెట్టుకున్నది ఎక్కడైనా ఉందా? పోలీస్ టీమ్ కోసం అడుగుతున్నా.

మణికొండ_నైట్‌షిఫ్ట్:

ఉంది అన్నా, సియాటిల్. స్టాన్లీ కప్ గెలిచిన మొదటి అమెరికా టీమ్ సియాటిల్ మెట్రోపాలిటన్స్, 1917లో మాంట్రియల్ కెనడియన్స్‌ని ఓడించింది. 1924లో ఆ టీమ్ మూతపడింది. దాని ఓనర్లు, కాగితాలు, కంపెనీ ఏవీ మిగల్లేదు. 2021లో క్రాకెన్ అనే కొత్త టీమ్ సియాటిల్‌కి వచ్చింది, మెట్రోపాలిటన్స్‌తో చట్టపరంగా దానికి ఏ సంబంధమూ లేదు. అయినా మొదటి సీజన్‌లోనే తమ స్టేడియం పైకప్పుకి 1917 బ్యానర్ కట్టారు. లీగ్ వాళ్ల పుస్తకంలో క్రాకెన్‌కి ఆ కప్పు లేదు, వాళ్లూ తమదని చెప్పుకోరు, మా ఊరు గెలిచిందని చెప్తారు అంతే.

మన దగ్గర అలాంటి బ్యానర్ కడితే 1950, 51, 52, 53, 54, 2022 అని వరుసగా పట్టేంత జాగా ఉంచమని ఇప్పుడే చెప్పండి.