సౌష్ఠవమా, సౌష్టవమా? అసలు ఆ మాట సరిపోతుందా?

అందరికీ నమస్కారం. చిన్న క్వాంటం స్పిన్ సిమ్యులేటర్ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. కొన్ని అయాన్లనో పరమాణువులనో వరుసగా నిలబెట్టి, వాటిచేత అయస్కాంతంలోని, పైకో కిందికో చూసే బుల్లి సూదుల్లాంటి స్పిన్‌ల ఆట ఆడించే ఏర్పాటు అది. సిమెట్రీ అన్నచోటల్లా ‘సౌష్ఠవం’ అని రాశాను. మా అక్క చదివి, ‘అయాన్లకి అంగసౌష్ఠవం ఏమిటే!’ అని ఒకటే నవ్వు. వేరే మాట ఉందా? పైగా ఠ నా, ట నా?

జవాబు: ఠ యే అమ్మా. ‘సుష్ఠు’ అంటే చక్కగా, దాన్నుంచి సౌష్ఠవం. బడి లెక్కల్లో ‘సౌష్ఠవ రేఖ’ గీసినవాళ్లకి నవ్వు రాదు. కానీ మీ అక్కగారు పట్టుకున్న లోపం నిజమే. ఆ మాట వినగానే కంటికి ఇంపైన ఆకారం తోస్తుంది. మీకు కావలసింది తిప్పినా మారకపోవడం.

ఇంకో జవాబు: ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి. ‘జలజ’ అనే మాట తీసుకోండి. ఎటునుంచి చదివినా జలజే. ఇప్పుడు మూడు స్పిన్‌లు వరుసలో ఉన్నాయి, నడిమిది పైకి, చివరివి రెండూ కిందికి. పక్కపక్కవి దిశలు మార్చుకోవచ్చు, రెండు జతల మధ్యా బలం సమానం. ఒకటి లేస్తే ఒకటి దిగాలి కనుక పైకి ఉన్నది ఎప్పుడూ ఒక్కటే. మొత్తం 8 స్థితులున్నా ఆట 3 స్థితుల్లోనే. అంతేకాదు, రెండు చివరల్లోనూ ‘పైకి’ కనబడే అవకాశం ఏ క్షణాన చూసినా సమానం. నడిమిది పూర్తిగా దిగిన క్షణాన చెరి సగం. అదే ఎడమ చివర నుంచి మొదలుపెట్టండి, జలజ చెడింది. ఇప్పుడది నూటికి నూరుపాళ్లూ కుడి చివరకి వెళ్లి తిరిగొస్తుంది. నియమాలు అవే!

నడిమి నుంచి మొదలుపెట్టినప్పుడు రెండు చివరల లెక్క తేడా వస్తే, బలాలు సమానంగా లేవేమోనని ప్రయోగం చేసేవాళ్లు ముందు అనుమానిస్తారు. రెండు స్పిన్‌లు పైకి కనబడితే ఆ రీడింగ్ పక్కన పడేస్తారు.

అందుకని సౌష్ఠవాన్ని ఉంచండి, దానికి జతగా మన పాఠ్యపుస్తకాల మాట ఒకటి వాడండి: నిత్యత్వం. ‘శక్తి నిత్యత్వ నియమం’ అందరం బట్టీ పట్టిందే కదా. స్పిన్‌లన్నిటినీ నిలువు అక్షం చుట్టూ ఎంత తిప్పినా నియమం మారదు, ఇది సౌష్ఠవం. పైకి ఉన్నవాటి లెక్క మారదు, ఇది నిత్యత్వం. ఇలాంటి జతల వెనకున్న సూత్రాన్ని గణితవేత్త ఎమీ నోథర్ 1918లో ప్రచురించింది.

మళ్లీ నేనే: థాంక్సండీ! జలజ ఉదాహరణ వ్యాసంలోకి వెళ్లిపోయింది. అక్కకి చూపించాను. ‘మరి సరోజ? అదీ తామరే కదా!’ అంటోంది. ఆవిడకి మీరే చెప్పాలి.