ఆధార్ ఆంధ్రా చిరునామాతో, కాపురం ఒడిశాలో: భర్త పోయిన ఆవిడకు భత్తా పెట్టించాలంటే ముందు ఏ పని చెయ్యాలి?

ప్రశ్న: కాశీనగర్ బ్లాకు నుంచి

గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో ఉంటున్న 52 ఏళ్ల ఆవిడకు విధవా భత్తా, అంటే ఒడిశాలో భర్త పోయినవాళ్లకు ఇచ్చే పింఛను, పెట్టించాలి. భర్త నిరుడు విశాఖపట్నం ఆసుపత్రిలో పోయారు. ఆవిడ ఆధార్ పుట్టింటి చిరునామాతో, కొత్తూరు మండలంలో ఉంది. రైస్ కార్డులో పేరు కూడా అక్కడే, తమ్ముడి కార్డులో. ఒడిశాలో భర్త పేరున రేషన్ కార్డు ఉంది గాని, అందులో ఈవిడ పేరు ఎక్కలేదు. కొడుక్కి 24 ఏళ్లు, అతని ఆధార్ ఒడిశా చిరునామాతోనే ఉంది.

పేర్ల గొడవ కూడా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఓటరు కార్డులో వెనక. భర్త మరణ పత్రంలో భార్య పేరుకి ముందు ఒక్క పొడి అక్షరం.

అడిగేవి మూడు. ఒకటి, ఆంధ్రాలో నెలకు 4000 ఇస్తున్నారు కాబట్టి అక్కడే పెట్టించమని కొందరంటున్నారు, కుదురుతుందా? రెండు, ఇక్కడ పెట్టాలంటే ఏ కాగితం ముందు, ఏది తరువాత? మూడు, ఆడవాళ్లకు ఒడిశా ప్రభుత్వం ఏటా డబ్బు వేసే సుభద్ర పథకానికి ఆవిడ ఇంకా దరఖాస్తు పెట్టలేదు. భత్తా వస్తే సుభద్ర రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: మహేంద్రతనయ

మొదటిది వదిలెయ్యండి. ఆ 4000 ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను ఆంధ్రాలో నివాసం ఉన్నవాళ్లకు. నెల మొదటి తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి మనిషిని చూసి ఇస్తారు. వరుసగా మూడు నెలలు మనిషి దొరక్కపోతే వలస వెళ్లినట్టు రాసి ఆపేస్తారు. పైగా ఒక ఇంటికి ఒకటే పింఛను, వికలాంగుల లాంటి కొన్ని రకాలకే సడలింపు. తమ్ముడి కార్డులో ఆవిడ తల్లి వృద్ధాప్య పింఛను తీసుకుంటూ ఉంటే ఈవిడకు అసలు దారే లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఈవిడ ఉండేది ఇక్కడ. ఇక్కడ ఉంటూ అక్కడ తీసుకుంటే, ఆధార్ నంబరు రెండు చోట్లా కనపడిన రోజున రెండూ పోతాయి, తీసుకున్నది తిరిగి కట్టమనే నోటీసు కూడా రావచ్చు.

గట్టుకు ఆ పక్క 4000, ఈ పక్క 1000 అని జనం బాధపడడంలో తప్పులేదు. విధవా పింఛనులో కేంద్రం ఇచ్చేది నెలకు 300, అది 2012 నుంచి కదలలేదు. మిగతాది ఏ రాష్ట్రం ఎంత వేస్తే అంత. తేడా అంతా అక్కడే పుడుతోంది. మార్చాల్సింది కేంద్రం వాటాని. అంతే గాని ఆవిడ చిరునామాతో ఆటలాడకూడదు.

ఇప్పుడు వరస. చాలామంది పంచాయతీ ఆఫీసులో ఫారం ఇచ్చి, వెనక్కి వచ్చాక ఒక్కొక్క కాగితం సరిచేస్తారు. అందుకే ఏడాది పడుతుంది. తిరగేసి చెయ్యండి.

ముందు ఆధార్. పేరు, చిరునామా రెండూ ఒకే రోజు ఆధార్ కేంద్రంలో మార్పించండి. ఒకేసారి చేస్తే ఒకే రుసుము, 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు. పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఏ రాత ఉంచుకోవాలో ఇంట్లో తేల్చుకుని వెళ్లండి. బ్యాంకు పుస్తకంలో, ఓటరు కార్డులో ఉన్న రాతకు దగ్గరగా ఉన్నది మేలు. చిరునామాకు ఆవిడ పేరున కరెంటు బిల్లు లేకపోయినా పర్వాలేదు. కొడుకుని కుటుంబ పెద్దగా చూపించి అతని చిరునామా తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పెడితే కొడుకు 30 రోజుల లోపల తన ఆధార్‌తో లాగిన్ అయి ఒప్పుకోవాలి, గడువు దాటితే దరఖాస్తు మూసుకుపోతుంది. కట్టిన రుసుము వెనక్కి రాదు.

తెర మీద ఒడియా రాత చూడకుండా సరే అనొద్దు. చిరునామా ఒడిశాకు మారితే కార్డు మీద రెండో భాష ఒడియా అవుతుంది, మన ఇంటిపేర్లు యంత్రం ఇష్టమొచ్చినట్టు రాస్తుంది. కంప్యూటరు పోల్చేది ఇంగ్లీషు అక్షరాలనే అయినా, పంచాయతీలో మనిషి చదివేది ఒడియా రాత.

తరువాత రైస్ కార్డు. అక్కడి సచివాలయంలో ఆవిడ పేరు తీయించి, తీసేసినట్టు కాగితం చేతికి తీసుకోవాలి. ఆ పేరు అక్కడ ఉండగా ఇక్కడి కార్డులో చేర్చబోతే ఆధార్ ఇప్పటికే వేరే కార్డులో ఉందని తిప్పికొడుతుంది. అది ఇక్కడి గుమాస్తా తప్పు కాదు, అతనితో వాదించి లాభం లేదు. రేషన్ బియ్యం దేశంలో ఎక్కడి కార్డుతో ఎక్కడైనా తీసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. బియ్యానికి ఆ వీలుంది, పింఛనుకు లేదు.

ఈ రెండూ అయ్యాకే భత్తా ఫారం. ఒడిశా సొంత పింఛను పథకమైన మధుబాబు పెన్షన్ యోజనలో భర్త పోయిన ఆవిడకు వయసు అడ్డం కాదు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ పత్రం మాత్రం కావాలి. కేంద్ర పథకం కింద అయితే 40 నుంచి 79 ఏళ్లు, దారిద్ర్యరేఖ దిగువన ఉండాలి. ఏ పథకం కింద వేసినా చేతికి వచ్చేది అంతే, కాబట్టి ఆ విషయంలో పట్టుబట్టకండి. ఫారం మో సేవా కేంద్రంలో (ఇక్కడి మీసేవ లాంటిది) ఆన్‌లైన్ చేయించి, నంబరున్న రసీదు దాచండి. పంచాయతీలో పీఈవో (పంచాయతీ కార్యనిర్వాహక అధికారి) చూస్తారు, మంజూరు బీడీవో (బ్లాకు అభివృద్ధి అధికారి) దగ్గర. బ్లాకులో సామాజిక భద్రత అధికారి ఉంటారు, ఫైలు ఎక్కడ ఆగిందో ఆయనకు తెలుస్తుంది.

జవాబు: గుణుపురం రోడ్డు

మహేంద్రతనయ గారు చెప్పినదానికి బ్యాంకు సంగతి కలుపుతాను. సగం డబ్బు అక్కడే ఇరుక్కుంటోంది.

ఖాతాకి ఆధార్ ఇచ్చేశాం అంటారు. అది చాలదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో ఆ ఆధార్‌కి ఎదురుగా ఏ బ్యాంకు ఉందో డబ్బు అక్కడికే పోతుంది, ఉండేది ఒక్క బ్యాంకే. చివరిసారి ఏ బ్యాంకు ఎక్కిస్తే అదే నిలుస్తుంది. ఈవిడకు కొత్తూరులో పాత ఖాతా ఉంటే, ఇక్కడి డబ్బు నిశ్శబ్దంగా అక్కడ పడుతుంది, ఇక్కడ రాలేదని తిరుగుతూ ఉంటారు. మై ఆధార్ పోర్టల్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' తెరిచి చూడండి. బ్యాంకు పేరు, ఎప్పుడు ఎక్కించారో తేదీ కనపడతాయి. తప్పుంటే కావలసిన బ్యాంకుకే వెళ్లి డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడడం) కోసం సీడింగ్ అని స్పష్టంగా రాసివ్వండి. ఉత్త ఆధార్ లింక్ అని రాస్తే కేవైసీ, అంటే మనిషి గుర్తింపు మాత్రం, చేసి పంపేస్తారు.

సుభద్రకు ఇంకో మెలిక ఉంది, ఖాతా ఆవిడ ఒక్కరి పేరునే ఉండాలి. కొడుకుతో కలిపి ఉన్న ఖాతా పనికిరాదు.

భత్తా వస్తే సుభద్ర పోతుందన్నది అబద్ధం. నియమం ఏమిటంటే, వేరే ప్రభుత్వ పథకం నుంచి నెలకు 1500, అంటే ఏడాదికి 18,000, లేదా అంతకు మించి వస్తున్నవాళ్లు అనర్హులు. నెలకు 1000 చొప్పున 12,000 అవుతుంది, హద్దు లోపలే. రెండూ తీసుకోవచ్చు. సుభద్ర ఏడాదికి 10,000, రెండు విడతలు, అయిదేళ్లు. ఇంకొక్క లెక్క చూడండి, ఆవిడ ఆంధ్రాలో 4000 తీసుకుంటే 48,000 అవుతుంది, అప్పుడు సుభద్రకు అర్హతే ఉండదు. 'అక్కడే ఉంచుకో' అని సలహా ఇచ్చేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

80 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు, 80 ఏళ్లు దాటినవాళ్లకు 2025 జనవరి నుంచి ఒడిశా 3500 చేసింది. 80 శాతం వైకల్యం ఉన్న ఆడవాళ్లు సుభద్రకు పెట్టేముందు ఈ 1500 హద్దు చూసుకోవాలి. ఆంధ్రా సదరం (వైకల్య నిర్ధారణ) పత్రం పట్టుకుని ఇక్కడికి రాకండి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు చేయించుకోండి. అది దేశమంతా చెల్లుతుంది.

అడిగినవారు

రెండు జవాబులకూ దండాలు. మరణ పత్రంలో పొడి అక్షరం సంగతి? ఇక్కడి పంచాయతీలో సరిచేస్తారా?

జవాబు: వంశధార గట్టు

చెయ్యలేరు బాబూ. మరణం ఎక్కడ జరిగితే నమోదు అక్కడే, 1969 చట్టంలో ఉన్నది అదే. విశాఖ ఆసుపత్రిలో పోతే అక్కడి నమోదు అధికారి దగ్గరే దిద్దించాలి, 15వ సెక్షను కింద ఆ అధికారం ఆయనకుంది. భర్త ఆధార్, భార్య ఆధార్, ఒడిశా రేషన్ కార్డు నకళ్లు జతచెయ్యండి. ఇక్కడ మరోసారి మరణం నమోదు చేయిద్దాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఒకే మనిషికి రెండు మరణ పత్రాలు ఉంటే పింఛనుతో ఆగదు, భూమి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) దాకా తగులుకుంటుంది.

నమోదే కానివాళ్లు కూడా ఈ సరిహద్దు ఊళ్లలో ఉన్నారు, వాళ్ల కోసం చెబుతున్నా. 21 రోజుల లోపల ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అయిపోతుంది. ఏడాది లోపల పై అధికారి లిఖిత అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా కాదు.

విశాఖ పోవడానికి ముందు ఒక పని చెయ్యొచ్చు. తహసీల్దారు దగ్గర వారసుల పత్రానికి పెట్టండి. అందులో భార్యగా ఆవిడ పూర్తి పేరు, కొడుకు పేరు వస్తాయి. పొడి అక్షరం ఒక్కటే తేడా అయితే ఆ పత్రం జతచేసి మంజూరు అడగవచ్చు. కుదరదంటే అప్పుడు విశాఖ.

భర్తకు పోయేనాటికి 60 నిండకపోతే, ఇంటికి ముఖ్య సంపాదన ఆయనదే అయితే, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 వస్తుంది. వయసు 18 నుంచి 59 వరకు. భత్తా గొడవలో పడి దీన్ని చాలామంది అడగనే అడగరు. బ్లాకుకి వెళ్లిన రోజునే దాని ఫారం కూడా తీసుకోండి.

ఫైలు కదలకపోతే ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు జన సునాణి పోర్టల్‌లో రసీదు నంబరు వేసి ఫిర్యాదు పెట్టండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి, తెలుగులో పెడితే చదివేవాళ్లు దొరకరు.