ఒకే స్పిన్నింగ్ సెట్ చెరువుకీ సముద్రానికీ పనికొస్తుందా?

కొత్తగాలం (ప్రశ్న):
అందరికీ నమస్కారం. చెరువుల్లో కొర్రమీను, సముద్రపు ఒడ్డున, ఏటి మొగల దగ్గర పండుగప్ప. రెండింటికీ లూర్లే (నకిలీ ఎరలే) వాడతాను. ఇప్పుడున్నది 6 అడుగుల లైట్ రాడ్, 2000 రీల్. రెండు చోట్లకీ కలిపి ఒక్క స్పిన్నింగ్ సెట్టే (రాడ్, రీల్) కొందామనుకుంటున్నా. రాడ్ పొడవు, పవర్, రీల్ సైజు ఎలా చూసుకోవాలి? 4000 అంటే అన్ని కంపెనీల్లోనూ ఒకటేనా? పెట్టె మీద మ్యాక్స్ డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ని పట్టి వదిలే బ్రేకు) 11 కేజీలు అని రాసుంటే అంత గట్టిదనేనా?

ఆటుపోటు:
ఒక్కటే అంటే ఉప్పునీటికి తగ్గట్టు కొనండి. ఉప్పునీటి రీల్ చెరువులో నిక్షేపంగా పనిచేస్తుంది, చెరువు రీల్‌ని సముద్రానికి తీసుకెళ్తే బేరింగులు పోతాయి.

రాడ్ మీద "మీడియం", "మీడియం హెవీ" అన్న మాటల్ని పెద్దగా నమ్మకండి, ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది. హ్యాండిల్ పైన రాసి ఉండే లూర్ బరువే అసలు విషయం. మీ పనికి 10–30 గ్రాముల రాడ్, పొడవు 7 నుంచి 8 అడుగులు. 30 రాసిందని రోజూ 30 గ్రాములు విసరకండి. 15–25 మధ్య ఆ రాడ్ బాగా వంగి లూర్‌ని దూరం కొడుతుంది. అలల మీదుగా విసరాలంటే 9 అడుగులు హాయి, కానీ చెరువు గట్టున చెట్లకొమ్మల కింద అంత పొడవుతో నానా తంటాలు. పడవ మీదైతే 6.5–7 చాలు.

రీల్ 4000. నంబరు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షిమానో 4000 చేత్తో పట్టుకుని, పెన్ 4000 పట్టుకుంటే బరువులో తేడా వెంటనే తెలుస్తుంది. డైవా కూడా 2018లో ఎల్‌టీ రీళ్లు తెచ్చినప్పుడు సైజుల లెక్క మార్చింది, కాబట్టి పాత డైవా నంబర్లని కొత్తవాటితో పోల్చొద్దు. నంబరు వదిలేసి మూడు చూడండి: బరువు, స్పూల్ (లైన్ చుట్టుకునే కండె) ఎంత లైన్ పడుతుంది, హ్యాండిల్ ఒక్క చుట్టుకి ఎన్ని సెంటీమీటర్లు లాగుతుంది. షిమానోలో నంబరు ముందు "సి" ఉంటే చిన్న బాడీకి పెద్ద స్పూల్ అని. సి5000 అంటే 4000 బాడీయే.

లైన్ పీఈ 1.5 బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్, పీఈ అన్నది దాని మందం నంబరు), దాదాపు 30 పౌండ్లు. 200 మీటర్లు కొంటే చాలా 4000 స్పూళ్లు నిండవు. అడుగున మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) చుట్టండి. స్పూల్ నింపడానికే కాదు. నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా చుడితే, చేప లాగినప్పుడు లైన్ మొత్తం స్పూల్ మీద గిర్రున జారిపోతుంది. జనం డ్రాగ్ పాడైందనుకుని రీల్ విప్పుతారు.

పండుగప్ప మొప్పల అంచు బ్లేడులా కోస్తుంది, అందుకని లీడర్ (లూర్ ముందు కట్టే మందపు లైన్ ముక్క) 40 పౌండ్లు, ఒక మీటరు. బ్రెయిడ్‌కి లీడర్ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి, సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి తట్టుకోకుండా పోతుంది.

చెరువుగట్టు:
ఆటుపోటు గారు చెప్పిన రాడ్ సముద్రానికి సరే, కొర్రమీనుకి కాదండీ. చిన్న కప్ప లూర్లు 7–12 గ్రాములు ఉంటాయి. 10–30 రాడ్ మీద 7 గ్రాములు విసిరితే రాడ్ వంగదు, కప్ప వెళ్లి కాళ్ల ముందే పడుతుంది. పైగా నాచులో కొట్టిన కొర్రమీనుని అక్కణ్ణించి పైకి లేపాలి. దానితోపాటు రెండు మూడు కేజీల తూడు కూడా వస్తుంది. దీనికి 6.5–7 అడుగుల గట్టి ఫాస్ట్ యాక్షన్ రాడ్, పీఈ 3 లైన్ కావాలి. ఫాస్ట్ అంటే వేగం కాదు, పై మూడో వంతు మాత్రమే వంగుతుందని.

అదే ట్రెబుల్ (మూడు కొనల) హుక్కులున్న ప్లగ్ (గట్టి చేప ఆకారపు) లూర్లకి అంత గట్టి రాడ్ పెడితే, చేప తల విదిలించగానే హుక్కు ఊడొస్తుంది. వాటికి కొంచెం మెత్తగా, సగం దాకా వంగేది మంచిది.

నా లెక్క ప్రకారం ఒకటే రీల్, రెండు స్పూళ్లు, రెండు రాడ్లు. ఒక స్పూల్‌కి పీఈ 1.5, రెండోదానికి పీఈ 3. కొనే ముందే ఆ మోడల్‌కి విడి స్పూల్ దొరుకుతుందో లేదో అడగండి. చాలా రీళ్లకి దొరకదు.

రీల్‌సర్వీసు:
డ్రాగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. 11 కేజీలు అన్నది బిగించగలిగే హద్దు, అంతే. 10–30 గ్రాముల రాడ్‌తో 11 కేజీలు లాగితే ముందు విరిగేది రాడ్. మీకు కావలసింది లైన్ బలంలో నాలుగో వంతు. 30 పౌండ్లంటే 13.6 కేజీలు, కాబట్టి 3–3.5 కేజీలు. ముడి దగ్గర లైన్ బలం తగ్గుతుంది కనుక ఆ వెసులుబాటు ఉండాలి. లైన్‌ని రింగుల్లోంచి పోనిచ్చి, స్ప్రింగ్ త్రాసుకి కట్టి, రాడ్‌ని 45 డిగ్రీలు ఎత్తి లాగండి. రీల్ దగ్గర నేరుగా లాగి చూస్తే తక్కువ చూపిస్తుంది. వంగిన రాడ్‌లో రింగుల రాపిడి కలిశాకే అసలు లెక్క. సంఖ్య కన్నా ముఖ్యం, లైన్ కుదుపుల్లేకుండా జారడం. మొదట పట్టేసి తర్వాత ఒక్కసారిగా వదిలే డ్రాగ్ ఎన్ని కేజీలదైనా లైన్ తెంపుతుంది.

ఉప్పునీటికి సీలింగ్ చూడండి. పెన్ స్పిన్‌ఫిషర్ 6కి ఐపీఎక్స్5 రేటింగ్ (నీటి ధారని తట్టుకుంటుందని) ఉంది. డైవా మ్యాగ్‌సీల్డ్‌లో అయస్కాంత నూనె ఉంటుంది, ఆ చోట మామూలు నూనె వేస్తే సీల్ పాడవుతుంది. బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. ఉప్పునీళ్లలో ఒక్కో అదనపు బేరింగూ తుప్పు పట్టడానికి ఒక్కో చోటు!

కడగడం: ముందు డ్రాగ్ బిగించండి, లేకపోతే నీళ్లు వాషర్లలోకి దిగుతాయి. తర్వాత మంచినీళ్లు సన్నగా పోయాలి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పుని మీరే లోపలికి తోసినట్టు. బకెట్లో ముంచొద్దు. రీల్‌ని రాడ్ నుంచి ఊడదీసి రీల్ కాలు (రాడ్‌కి బిగించే భాగం) కింద కూడా కడగండి, ఉప్పు అక్కడే దాక్కుంటుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. అన్నిటికన్నా ముందు చచ్చేది బెయిల్ (లైన్‌ని స్పూల్ మీదికి తిప్పే తీగ) మీది లైన్ రోలర్. సీల్ లేని రోలరైతే ప్రతిసారీ ఒక చుక్క నూనె వేసి వేలితో తిప్పి చూడండి. తిరగకపోతే బ్రెయిడ్ దాన్ని కోసి గాడి పెడుతుంది, ఆ గాడి మళ్లీ బ్రెయిడ్‌ని కోస్తుంది.

ఇంకొకటి: యాంటీ రివర్స్ క్లచ్‌లో (హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపేది) గ్రీజు పెట్టకండి. రోలర్లు జారి, హుక్కు కొట్టగానే హ్యాండిల్ గభాలున వెనక్కి తిరుగుతుంది. అక్కడ పల్చటి నూనె, అదీ కొంచెమే.

కొత్తగాలం:
అర్థమైందండీ. రెండు రాడ్లకే వస్తా. ఇంకో చిన్న ప్రశ్న: బ్రెయిడ్ వేశాక ఐదారు విసుర్లకోసారి పెద్ద చిక్కు పడుతోంది. లైన్ లోపమా?

ఆటుపోటు:
చాలావరకు కాదు. స్పూల్ అంచుకి 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉందా? అంచుదాకా నింపితే చుట్టలు చుట్టలుగా ఊడొస్తుంది. లూర్ నీళ్లలో పడబోతుండగా వేలితో లైన్ ఆపండి, బెయిల్ చేత్తోనే మూయండి, ఒకసారి లైన్ బిగుతుగా లాగి అప్పుడు చుట్టండి. వదులుగా పడిన ఆ మొదటి చుట్టే తర్వాతి విసురులో చిక్కవుతుంది. చిక్కు పడితే మాత్రం గట్టిగా లాగకండి, చుట్టల్ని మెల్లగా విడదీయండి.

చెరువుగట్టు:
రింగులు కూడా చూడండి. కొంచెం దూది తీసుకుని ప్రతి రింగు లోపలా తిప్పితే, పగులుంటే దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. లైన్ ఎప్పుడూ ఒకే చోట తెగుతోందంటే ముందు కొన రింగు చూడాలి.