జీపు ముందు యాక్సిల్ వంగిందా, అలైన్‌మెంట్ రీడింగే తప్పా?

మాది పాత డీజిల్ జీపు. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఒక్కటే గట్టి ఇరుసు), లీఫ్ స్ప్రింగులు (పట్టీల స్ప్రింగులు). మూడు నెలల కింద ముందు పొడవు షాకిల్స్ (స్ప్రింగు చివరను ఛాసిస్‌కు కలిపే లింకులు) వేయించిన. అప్పటి నుంచి మిర్యాలగూడ రోడ్డు మీద 60 దాటితే బండి కుడికి లాగుతుంది. మలుపు తిప్పినాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. రోడ్డు వాలు ఎడమకే ఉంటది కాబట్టి వాలు వల్ల అనుకోవడానికి లేదు.

నల్లగొండలో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయిస్తే వచ్చిన రీడింగులు: క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద తిరుగుతదో ఆ పిన్, ముందుకో వెనక్కో వాలిన కోణం) ఎడమ +1.4, కుడి +0.5 డిగ్రీలు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) ఎడమ +0.3, కుడి -0.4. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మాత్రం, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ తిప్పి కొంచెం టో-ఇన్‌కు, అంటే లోపలికి, సరిచేసిండ్రు. మిగతావి ఈ బండికి అడ్జస్ట్ కావన్నరు. అది నిజమే, నాకూ తెలుసు.

ముందు టైర్లు అటు ఇటు మార్చిన, గాలి రెండింటికీ 28 పెట్టిన, వీల్ బేరింగులు, కింగ్ పిన్ బేరింగులు చూపించిన, స్ప్రింగును యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించిన. బ్రేకు కూడా పట్టుకోవట్లేదు, డ్రమ్ము వేడెక్కట్లేదు. ఏం తేడా రాలేదు.

క్యాస్టర్ తగ్గింది షాకిల్స్ వల్లే అని అర్థమైంది. దానికి స్ప్రింగు కింద వెడ్జ్‌లు (యాక్సిల్‌ను కొంచెం వంచి కూర్చోబెట్టే ఏటవాలు ముక్కలు) వేయిస్త. కానీ వెడ్జ్ రెండు వైపులా ఒక్కటే పెంచుతుంది, ఈ 0.9 తేడా అట్లనే ఉంటుంది కదా. మెకానిక్ యాక్సిల్ వంగిందంటుండు. నాకేమో అలైన్‌మెంట్ అప్పుడు ముందు చక్రాల కింద పెట్టిన టర్న్ ప్లేట్లు (తిరిగే పలకలు) లెవల్‌గా లేవేమో అని డౌటు.

యాక్సిల్ మొత్తం దించకుండా, అది వంగిందో రీడింగే తప్పో తేల్చుకునేది ఎట్లా?